అంగిటి మచ్చ ప్రగతి నివేదిక

మా వదిన దాలమ్మ నోట్లో ఉన్న మచ్చ ప్రగతి సంతృప్తికరంగా లేదని కిందటి శ్రావణ మాసంలో మాకు రిజిస్టరు ఉత్తరం వచ్చింది. ఏడు నెలలు గడిచినా సదరు మచ్చ ఆశించిన స్థాయిలో ఎదగలేదనీ, పైగా తగ్గుముఖం పట్టినట్లు అధికారుల దృష్టికి వచ్చిందనీ, ఇందుకు గల కారణాలను పదిహేను రోజులలోగా లిఖితపూర్వకంగా తెలియజేయనిచో తదుపరి చర్యలు గైకొనబడుననీ అందులో ఉంది. నేను పూజ ముగించి లేస్తుండగా పోస్టుమ్యాన్ ఇచ్చి వెళ్లాడు. దేవుడి పటాల ముందే నిలబడి రెండుసార్లు చదివాను. మచ్చ తగ్గితే సంజాయిషీ ఎందుకివ్వాలో నా ఎనిమిదో తరగతి చదువుకు అందలేదు. పెద్ద చదువులు చదివినవారు రాశారు కాబట్టి ఏదో అర్థం ఉండే ఉంటుందని సరిపెట్టుకున్నాను.

మా అమ్మ పోయాక నన్ను పెంచింది మా వదినే. మా అన్న కూడా పోయాక జీడిపిక్కల బట్టీలో పనికి చేరింది. ముప్పై ఏళ్లుగా అక్కడే కూర్చుని పిక్కలు కొట్టి పప్పు తీస్తోంది. ఆ పని చేసే ఆడవాళ్లకు చుట్ట అలవాటు. కానీ మామూలుగా కాలిస్తే నుసి పప్పు మీద రాలుతుంది, మేస్త్రీ కసురుతాడు. జీడి అంటిన చేత్తో మాటిమాటికీ చుట్ట తీసి పెడితే పెదాలు పొక్కిపోతాయి. అందుకని వాళ్లు అడ్డపొగ తాగుతారు. అంటే, నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని, ఆరిన కొసను బయట ఉంచి పెదాలు బిగిస్తారు. నుసి రాలదు, గాలికి ఆరదు, రెండు చేతులూ పనిలో ఉంటాయి. సెగ మాత్రం అంగిలికి తగులుతూ ఉంటుంది. మానెయ్యి వదినా అని నేనెన్నోసార్లు బతిమాలాను. "నోట్లో నిప్పెట్టుకున్నోల్లం కాబట్టే మేస్త్రీ మాతో ఎక్కువ మాటాడ్డు గురువులూ" అని నన్ను పేరు పెట్టి పిలిచి నవ్వేసేది.

ఆ మధ్య జిల్లా కేంద్రంలోని దంత వైద్య కళాశాలవారు బట్టీ దగ్గర శిబిరం పెట్టారు. ఆడవాళ్లందరి నోళ్లలోకీ లైటు వేసి చూశారు. మా వదిన అంగిట్లో, ఎడమవైపు చివరి పన్ను పక్కన, తెల్లటి మచ్చ ఉందన్నారు. చిన్న ముక్క గిల్లి తీశారు. తర్వాత నాలుగు పేజీల కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ కాగితం ప్రకారం మా వదిన నోరు ఆ కళాశాలలోనే ఉన్న 'నోటి మచ్చల పరిశోధనా కేంద్రం'లో ఇరవై ఏడో నంబరు నోరయింది.

ఆ పరిశోధన మంచి పనే, అందులో నాకు అనుమానం లేదు. నోట్లో మచ్చ క్యాన్సరుగా మారేటప్పుడు మన రక్తంలోని కాపలా కణాలు ఏం చేస్తాయి, ఆ చోటికి కొత్త రక్తనాళాలు ఎలా పుట్టుకొస్తాయి అని లెక్క తీస్తారట. అందుకు నలభై ఆరోగ్యమైన నోళ్లు, నలభై మచ్చ ఉన్న నోళ్లు, నలభై క్యాన్సరు నోళ్లు కావాలి. మొదటి నలభై కాలేజీ విద్యార్థులతో ఒక్క పూటలో నిండాయి. రెండో నలభై మా బట్టీలోనే నిండాయి, ఇంకా పదిహేడు మంది మిగిలిపోయారు కూడా. మూడో మెట్టు, అంటే క్యాన్సరు నోళ్ల దగ్గరే చిక్కొచ్చింది. క్యాన్సరు వచ్చినవాళ్లు నగరంలోని పెద్దాసుపత్రికి పోతారు గాని ఇక్కడికెందుకు వస్తారు. ఎంత వెతికినా ముప్పై తొమ్మిది మందే దొరికారు. నలభయ్యో స్థానం ఖాళీగా ఉండిపోయింది.

అప్పుడు కేంద్రంవారు ఒక నిబంధన చేశారు. బయటివారిని వెతికే బదులు, రెండో మెట్టులో ఉన్నవారిలో ఒకరు సహజంగా మూడో మెట్టుకు ఎదిగితే ఆ స్థానం భర్తీ చేయవచ్చు. అంతవరకు నమోదైన ఏ మచ్చకూ వైద్యం చేసి దాని సహజ పరిణామానికి ఆటంకం కలిగించరాదు. మచ్చలన్నింటినీ నెలనెలా కొలిచి, వాటి ఎదుగుదలను పర్యవేక్షించడానికి తారకేశ్వర్‌గారని ఒక ప్రగతి అధికారిని నియమించారు. అందరి మచ్చల్లోకీ మా వదినది పెద్దదని, ఆమె పేరు ఎదురుగా 'అత్యంత ఆశాజనకం' అని రాసుకున్నారు.

అలాంటి మచ్చ ఆశాభంగం చేసిందంటే కారణం హిమజ అనే చిన్న డాక్టరమ్మ. ఆ కేంద్రంలోనే పైచదువు చదువుతూ, గిల్లిన ముక్కల్ని గాజు పలకల మీద చూసి కణాలు లెక్కపెట్టే పిల్ల. మొదటి నెల కొలతలప్పుడే మా వదిన చెవిలో చుట్ట మానెయ్యమని చెప్పింది. నేను పాతికేళ్లు చెబితే వినని మనిషి, ఆ పిల్ల ఒక్కసారి చెబితే వింది. చుట్టలన్నీ పొయ్యిలో వేసి, బుగ్గన లవంగం పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆరు నెలలకు తెలుపు చాలావరకు తగ్గింది. కానీ చివరి పన్ను పక్కన మాత్రం మెంతిగింజంత ఎర్రటి పొక్కు లేచింది. పులుసు తగిలితే ప్రాణం పోయినట్టుంటోందని అన్నం పెరుగుతోనే తినేది. శ్రావణం వచ్చేసరికి అది కందిగింజంత అయింది, గట్టిపడింది.

ఉత్తరం పట్టుకుని ఇద్దరం కేంద్రానికి వెళ్లాం. ప్రగతి అధికారి గదిలో గోడ మీద నోటి పటం ఉంది, తాలూకా పటంలా రంగులు వేసి. పక్కన మా వదిన పేరున ఒక గీత కొండెక్కి దిగినట్టుంది. తారకేశ్వర్‌గారు మర్యాదస్తులు. ముందు మంచినీళ్లిప్పించారు.

"చూడండమ్మా, మొదటి త్రైమాసికంలో తమరి మచ్చ ఎంతో ముందంజలో ఉండేది. రెండో త్రైమాసికం నుంచి తిరోగమనం కనబడుతోంది. తమరు చుట్ట మానినట్లు మాకు సమాచారం."

"మానీసినాను బాబూ. డాక్టరమ్మ మానీమన్నాది."

"వైద్యులుగా వారు చెప్పవచ్చు. పరిశోధనలో భాగస్వాములుగా తమరు వినకూడదు."

నేను కల్పించుకుని ఎర్ర పొక్కు సంగతి చెప్పాను. ఆయన కొలతల కాగితం తిరగేసి, తెలుపు వైశాల్యానికే గాని ఎరుపుకు గడి లేదన్నారు. గడి చేర్చాలంటే పైనుంచి అనుమతి రావాలి, వచ్చేదాకా ఆ పొక్కును ఉన్నట్టు పరిగణించడం వీలుపడదు. మా వదిన నోరు తెరిచి చూపించబోతే వద్దు వద్దని, చూస్తే రాయవలసి వస్తుందని కళ్లు పక్కకు తిప్పుకున్నారు.

మళ్లీ చుట్ట మొదలుపెట్టమన్నారు. ఇంట్లో చుట్టలు లేవని మా వదిన చెప్పడంతో ఆయన తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. ఆ ఇబ్బంది ముందే ఊహించి కేంద్రం టెండర్లు పిలిచిందట. అందరికంటే తక్కువకు ఇస్తామన్నవారి చుట్టలు వచ్చి ఉన్నాయి, ఒక్కోదానికీ నంబరు వేసి. అయితే ఆ ఆవరణలో పొగాకు నిషేధమని గేటు నుంచి మెట్లదాకా బోర్డులున్నాయి. అందుకని మేడ మీద ఒక గది కేటాయించి, 'పొగాకు రహిత ప్రాంగణం – చుట్ట గది' అని బోర్డు పెట్టారు. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లారు. గది గోడకు చుట్ట కాల్చే విధానం బొమ్మ వేసి అంటించారు. బొమ్మలో ఆడమనిషి చుట్ట నిప్పు బయటికి పెట్టి దొరసానిలా పొగ వదులుతోంది.

మా వదిన ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "ఇలగ కాలిస్తే అంగిట్లో మచ్చెలగొస్తాది బాబూ? పెదిమ మీదొస్తాది" అంది.

తారకేశ్వర్‌గారు జేబులోంచి కలం తీసి ఆ సూచన రాసుకున్నారు. బొమ్మ సవరించడానికి అంచనాలు తయారు చేయిస్తామన్నారు. ఈలోగా తమరికి అలవాటైన పద్ధతిలోనే ఒకటి సేవించి సహకరించవలసిందని ఒకటో నంబరు చుట్ట రెండు చేతులా అందించారు. మా వదిన అందుకుంది, వాసన చూసింది, తిరిగి ఆయన చేతిలో పెట్టింది. "సరుకు మంచిదే బాబూ. మీరే కాల్సుకోండి" అని మెట్లు దిగింది. నిరాకరణ అని నమోదయింది.

కింద హిమజ మమ్మల్ని తన గదిలోకి పిలిచింది. పొక్కును లైటు వేసి చూసింది. వేలితో తడిమి చూసింది. ఇది కోసి తీసెయ్యాలని ఇప్పటికి రెండుసార్లు రాసి పంపాననీ, రెండు కాగితాలూ ఫైలులో భద్రంగా ఉన్నాయనీ చెప్పింది. తర్వాత నన్ను సూక్ష్మదర్శిని దగ్గర కూర్చోబెట్టి, శిబిరంలో గిల్లిన ముక్క చూపించింది. ఊదారంగు చుక్కలు గుంపులుగా ఉన్నాయి. అవి కాపలా కణాలట. వాటి మధ్య గోధుమరంగు సున్నాలు, సన్నటి గొట్టాల్ని అడ్డంగా కోసినట్టు. అవి కొత్తగా పుట్టిన రక్తనాళాలు.

మచ్చ ఉన్నచోటికి ముందు కాపలావాళ్లు వస్తారట. అది వాళ్ల ధర్మం. కానీ వచ్చినవాళ్లలో కొందరు అక్కడే బస చేసి, కొత్త నాళాలు పుట్టే రసాలు వదులుతారు. ఆ నాళాల వెంట రక్తం వస్తుంది, రక్తం వెంట తిండి వస్తుంది, ఆ తిండి తిని చెడు కణాలు పెరుగుతాయి. చెడు పెరిగిందని ఇంకా కాపలావాళ్లు వస్తారు. మనిషికి ఇంత ఏర్పాటు చేసిన దేవుడు ఈ ఒక్క సంగతి ఎలా వదిలేశాడా అనిపించింది. పైకి మాత్రం, ఈ కాపలావాళ్లు చివరికి ఎవరి పక్షమమ్మా అని అడిగాను.

"కొందరు పోరాడతారు, కొందరు దొంగకే దారి వేస్తారు బాబాయ్‌గారూ. ఎవరు ఎప్పుడు ఎటు తిరుగుతారో తెలుసుకోవడానికే ఈ పరిశోధన. అది తేలడానికి ఏళ్లు పడుతుంది. ఈ పొక్కు తీసెయ్యాలన్నది మాత్రం ఇవాళే తెలుసు."

మర్నాడు నేను సంచాలకులు డాక్టర్ పరశురామ్‌గారికి అర్జీ పెట్టాను. మా వదిన పేరు పరిశోధన నుంచి తీసేసి వైద్యం చేయించమని సవినయంగా రాశాను. అర్జీకి చాలా విలువ ఇచ్చారు. దానిని పరిశీలించడానికి ఐదుగురు సభ్యులతో కమిటీ వేశారు. కమిటీ కూర్చోవడానికి గది లేదు కాబట్టి మేడ మీద హాలు మొదలుపెట్టారు. హాలుకు చల్లగాలి యంత్రాలు, వాటికి కరెంటు లైను, లైనుకు ఒక పర్యవేక్షకుడు వచ్చారు. ఇన్ని వచ్చాక పనికి గడువు చాలదని పరిశోధనను మరో ఏడాది పొడిగించారు. నేను అర్జీ పెట్టకముందు అక్కడ ఒక్క ప్రగతి అధికారి ఉండేవారు. పెట్టాక ఇద్దరు ఉప ప్రగతి అధికారులు కూడా వచ్చారు. పలక మీద చూసిన ఊదా చుక్కలు నాకు కళ్లముందు మెదిలాయి గాని, పెద్దల్ని అలా అనుకోవడం పాపమని లెంపలు వేసుకున్నాను.

ఈలోగా నగరంలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ ఆరోగ్య కార్డు నంబరు కొట్టి చూసి, ఈ నోరు ఫలానా కేంద్రం పేరున నమోదై ఉంది, అభ్యంతరం లేదని వారి దగ్గర పత్రం తెస్తేగాని ముట్టుకోలేమన్నారు. పత్రం కోసం మళ్లీ కేంద్రానికే వచ్చాం. పొక్కు అప్పటికి చింతగింజలో సగమైంది.

కమిటీ మమ్మల్ని కొత్త హాల్లోకి పిలిచింది. పరశురామ్‌గారు మధ్యలో కూర్చున్నారు. పరిశోధన నుంచి వైదొలగడం భాగస్వాముల జన్మహక్కు అని ఆయన మొదటే చెప్పారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అయితే పద్నాలుగో నిబంధన ప్రకారం వైదొలగేవారు సంఖ్యకు లోటు రాకుండా అదే పరిమాణంలో మచ్చ ఉన్న మరొకరిని చూపించాలి. ఆయన నా వైపు చూసి, బట్టీలో మిగిలిపోయిన పదిహేడు మందిలో ఒకరి పేరు చెబితే ఇప్పుడే సంతకం పెట్టేస్తానని కలం మూత తీశారు.

నేను దేవుణ్ణి నమ్మినవాణ్ణే, అబద్ధం రాయను. ఆ క్షణంలో నాకు మూడు పేర్లు గుర్తొచ్చాయి. మొదటి పేరు నాలుక చివరిదాకా వచ్చింది.

మా వదిన నా మోచెయ్యి పట్టుకుంది. "ఊరుకో గురువులూ" అని, వాళ్ల వైపు తిరిగింది. "ఏం బాబూ, నా నోరు బాగుపడ్డానికి ఇంకోలమ్మ కూతురు నోరు తాకట్టెట్టమంతారేటి? అలగైతే నా నోరే ఉంచండి. రాసుకోండి."

భాగస్వామి స్వచ్ఛందంగా కొనసాగుటకు అంగీకరించినట్లు రాసుకున్నారు.

ఆ సాయంత్రం హిమజ నిబంధనల పుస్తకం మొత్తం మా ముందు పెట్టుకుని వేలితో చదివింది. రెండో పేజీ దగ్గర ఆగింది. నోరు అనగా పెదవులు, బుగ్గల లోపలి భాగం, నాలుక, అంగిలి, చిగుళ్లు అని ఉంది. పళ్లు లేవు. పళ్లు వేరే విభాగం కిందికి వస్తాయి కాబట్టి, ఆ విభాగాధిపతి నొచ్చుకుంటారని వదిలేశారట. అంటే మా వదిన నోరు కేంద్రానిది గాని, పళ్లు మాత్రం ఆమెవే. గురువారాలు హిమజకు పళ్లు పీకే గదిలో డ్యూటీ. పన్ను తీసేటప్పుడు దానికి ఆనుకుని ఉన్న కండ ఎంతమేరకు రావాలో ఏ పేజీలోనూ రాసి లేదు.

ఆ పన్ను రాయిలాంటిదని, ఇంకో ఇరవై ఏళ్లు కదలదని హిమజ బాధపడుతూనే చెప్పింది. కోసేది చిన్న పని కాదనీ, తన మీదికి రావచ్చనీ కూడా దాచలేదు.

"పన్నేటమ్మా, నోరుంటే సాలు" అంది మా వదిన. "మీకేటవుతాదో సూసుకోండి ముందు."

గురువారం పొద్దున్నే చీటీ తీసుకున్నాం. కంప్యూటరు ముందు కూర్చున్నాయన నంబరు కొట్టి, నోరు కుదరదన్నాడు. నోరు కాదు బాబూ పన్ను అన్నాను. పన్నయితే లోపలికి వెళ్లండన్నాడు. గంటన్నర సేపు ఆ వరండాలో నిలబడి నేను నామం జపించాను. మా వదిన దూది కొరుకుతూ బయటికొచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి. హిమజ వెనకే వచ్చి సీసా ఒకటి పరీక్షశాలకు పంపించింది. సీసా మీద 'పన్ను, అనుబంధములు' అని రాసి ఉంది.

రెండు వారాల తర్వాత రిపోర్టు వచ్చింది. హిమజ ఒకసారి లోపల చదువుకుని, మళ్లీ మాకోసం చదివింది. పొక్కులో చెడు మొదలైపోయిందట. పైపొర దాటి కిందికి దిగడం ఆరంభించిందట. కొత్త నాళాలు గుంపులుగా ఉన్నాయట, కాపలా కణాలు వాటి పక్కనే బారులు తీరి ఉన్నాయట. కోసిన అంచులు మాత్రం నాలుగు వైపులా శుభ్రంగా ఉన్నాయి.

"అంటే నాను బతుకుతానా సస్తానా, అది సెప్పమ్మా" అంది మా వదిన.

"బతుకుతారు. నెలనెలా వచ్చి నాకు చూపించుకోవాలి."

మా వదిన ఆ రాత్రి చింతపండు పులుసు చేయించుకుని, కుడివైపు నమిలి తింది.

ఆ రిపోర్టు నకలు కేంద్రానికి కూడా వెళ్లింది. అక్కడ మొదట గగ్గోలు పుట్టింది. హిమజకు ఛార్జి మెమో తయారైంది. సాయంత్రానికి ఎవరో గమనించారు, ఇరవై ఏడో నంబరు కండ ముక్క క్యాన్సరుదే కదా అని. అంటే మూడో మెట్టులో నలభయ్యో స్థానం నిండినట్టే. మూడేళ్ల లక్ష్యం నూటికి నూరుపాళ్లు పూర్తయింది. నమోదైన మచ్చను అనుమతి లేకుండా తొలగించినందుకు మెమో, లక్ష్యసాధనకు తోడ్పడినందుకు ప్రశంసాపత్రం హిమజకు ఒకే కవరులో వచ్చాయి. రెండింటి కిందా ఒకే సంతకం.

మా వదినకు సన్మానమన్నారు. కొత్త హాల్లో పెట్టారు. బట్టీ ఆడవాళ్లందరినీ బస్సులో తెచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టారు. పరిశోధన రెండో దశ మంజూరైంది, అందులో మరో నలభై మచ్చలు కావాలి. మిగిలిపోయిన ఆ పదిహేడు మందినీ ముందు వరసలోనే కూర్చోబెట్టి, చేతికి నాలుగేసి పేజీల కాగితాలిచ్చారు. పరశురామ్‌గారు మాట్లాడుతూ, ఒక సామాన్య కార్మికురాలు రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు అధిరోహించి వైద్య విజ్ఞానానికి చేసిన సేవ అనితరసాధ్యమన్నారు. తారకేశ్వర్‌గారు శాలువా కప్పారు. ప్లాస్టిక్ దవడలు రెండు అద్దం పెట్టెలో పెట్టి జ్ఞాపికగా ఇచ్చారు. ముందు వరసలోవారికి స్ఫూర్తి కలిగేలా నాలుగు ముక్కలు చెప్పమని మైకు మా వదిన ముందుకు జరిపారు.

మా వదిన మైకు వైపు చూడలేదు. ముందు వరస వైపే చూసింది.

"ఒలే, ఆ కాయితాల మీద సంతకాలు ఎట్టకండి. సుట్ట మానీయండి. మచ్చున్నోలు గురువారం నాడు కింద గదికెల్లి, పన్ను పీకీమని సెప్పండి. నోరు అని మాత్రం అనకండి, ఆ ముక్కంటే లోపలికి రానీరు."

హాల్లో చప్పట్లు కొట్టారు. అధికారులు కూడా కొట్టారు, మైకుకు అందిన ముక్కల్ని బట్టి అది పంటి ఆరోగ్యం గురించి అనుకుని.

తర్వాతి గురువారం నా చిల్లర కొట్టు మూసి నేనూ వెళ్లాను. పళ్లు పీకే గది ముందు వరండా చివరిదాకా బెంచీలు నిండి ఉన్నాయి. పదిహేడు మందీ తలకు నూనె రాసుకుని, ఉతికిన చీరలు కట్టుకుని, చీటీలు పట్టుకుని కూర్చున్నారు. హిమజ తలుపు తీసి ఆ వరసను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది. తర్వాత మొదటి ఆమెను లోపలికి పిలిచి, ఏ పన్ను నొప్పి అని అడిగింది.

"పళ్లన్నీ బాగున్నాయమ్మా" అంది ఆవిడ, కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ. "మచ్చ పక్కనేదుంటే అది పీకీయండి."